యేసు గురించి యూదులు, ముస్లింలు, హిందువులు నిజంగా ఏమి ఒప్పుకుంటారు, ఏమి ఒప్పుకోరు?

కృష్ణాతీరం
ఈ మధ్య ఒక సర్వమత సభలో వక్త ఒకరు, యేసును యూదులు, ముస్లింలు, హిందువులు అందరూ తమవాడిగానే భావిస్తారని, కాబట్టి ఆయన విషయంలో మతాల మధ్య అసలైన భేదమంటూ ఏదీ లేదని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. మా పక్కింటి ముస్లిం కుటుంబం యేసు కన్యకు పుట్టాడని నమ్ముతుంది కానీ సిలువపై మరణించాడంటే ఒప్పుకోదు. మా చుట్టాల ఇళ్లలో ఆయన పటానికి కూడా అగరువత్తి వెలిగిస్తారు కానీ ఆయనొక్కడే రక్షకుడంటే నవ్వి ఊరుకుంటారు. యూదుల సంగతి, ఆయన వారిలోనే పుట్టినా వారు అంగీకరించలేదన్నంత వరకే నాకు తెలుసు. ఈ మూడు మతాల వారు కచ్చితంగా ఏది అంగీకరిస్తారు, ఏది నిరాకరిస్తారు, దానికి కారణమేమిటి? చదివినవారు, దగ్గరగా చూసినవారు చెప్పగలరు. అన్ని మతాల సారం ఒక్కటే అనే సమాధానం మాత్రం దయచేసి వద్దు.

సందేహాలరావు
ఆ చివరి వాక్యంతో ఈ వేదికలో సగం మంది నోళ్లు నొక్కేశారు.

పాలమూరు_మాస్టారు
ముస్లింల వైపు నుంచి నేను చెబుతాను. ఈసా అలైహిస్సలాంను, అంటే యేసును, ప్రవక్తగా నమ్మనివాడు ముస్లిం కాలేడు. ఇది పొరుగువారి మనసు నొప్పించకూడదని చెప్పే మర్యాద మాట కాదు, మా విశ్వాసంలో భాగం. ఖురాన్‌లో ఆయన పేరు 25 చోట్ల వస్తుంది. ఆయన తల్లి మర్యమ్ పేరు మీద 19వ సూరా, అంటే అధ్యాయం, ఉంది, పైగా ఖురాన్ మొత్తంలో పేరు పెట్టి ప్రస్తావించిన స్త్రీ ఆమె ఒక్కరే. తండ్రి లేకుండా పుట్టడం, ఉయ్యాలలో ఉండగానే మాట్లాడి తల్లి మీద పడిన నిందను తొలగించడం, మట్టితో పక్షి ఆకారం చేసి ఊదితే అది ప్రాణం పోసుకోవడం, పుట్టుగుడ్డివారికి చూపు ఇవ్వడం, కుష్ఠురోగులను బాగుచేయడం, మరణించినవారిని లేపడం, ఇవన్నీ మేము నమ్ముతాము. అయితే ప్రతి అద్భుతం దగ్గరా "అల్లాహ్ అనుమతితో" అనే షరతు ఉంటుంది. ఆ షరతులోనే మా భేదమంతా ఉంది.

ఆయనను మసీహ్ (మెస్సీయ) అని, అల్లాహ్ వాక్కు అని ఖురాన్ పిలుస్తుంది, కానీ దేవుని కుమారుడని ఎక్కడా అనదు. తండ్రి లేకపోవడమే దైవత్వానికి రుజువైతే తల్లీ తండ్రీ ఇద్దరూ లేని తొలి మనిషి ఆదం సంగతేమిటన్న తర్కం మూడవ సూరా 59వ వాక్యంలో కనిపిస్తుంది. "నన్నూ నా తల్లినీ దేవుళ్లుగా చేసుకొమ్మని నీవు ప్రజలకు చెప్పావా?" అని అల్లాహ్ ప్రశ్నించినట్టు, నాకు హక్కు లేని మాట నేనెలా అంటానని ఈసా జవాబిచ్చినట్టు అయిదవ సూరా చివరలో ఉంది. ఇక సిలువ విషయానికి వస్తే, వారు ఆయనను చంపలేదు, సిలువ వేయనూ లేదు, వారికి అలా అనిపించేలా చేయబడింది, అల్లాహ్ ఆయనను తన వైపుకు ఎత్తుకున్నాడని నాలుగవ సూరా 157, 158 వాక్యాలు చెబుతాయి. ఆయన స్థానంలో మరొకరికి ఆయన రూపం కలిగించి వారిని సిలువ వేశారన్నది వ్యాఖ్యాతలలో ఎక్కువమంది చెప్పే అర్థం.

దోర్నకల్_వాసి
మాస్టారుగారు చక్కగా వివరించారు. క్రైస్తవుడిగా నాకు తోచినది చెబుతాను. జననం విషయంలో మీరు మాకు ఎంత దగ్గరగా వస్తారో, ఆయనను సిలువ వేసిన శుక్రవారం మధ్యాహ్నం దగ్గరికి వచ్చేసరికి అంత దూరం వెళ్లిపోతారు. నాలుగు సువార్తలూ ఆ మరణం వైపే నడుస్తాయి. అది జరగలేదంటే మిగిలేది ఒక గొప్ప బోధకుడు, అద్భుతాలు చేసిన ప్రవక్త. మేము ఆదివారం రొట్టె విరిచేది ఆయన బోధను గుర్తు చేసుకోవడానికి మాత్రమే కాదు.

పాలమూరు_మాస్టారు
నిజమే, కానీ మా వైపు నుంచి కూడా చూడండి. అల్లాహ్ తన ప్రవక్తను శత్రువుల చేతిలో అవమానకరమైన మరణానికి వదిలేస్తాడా అన్నది మాకు పెద్ద ప్రశ్న. మేము సిలువను నిరాకరించేది ఆయనను తక్కువ చేయడానికి కాదు. పైగా ఒకరి పాపభారం మరొకరు మోయరన్నది ఖురాన్ పదేపదే చెప్పే సూత్రం కాబట్టి, ప్రాయశ్చిత్త మరణం అవసరమే మా లెక్కలో రాదు.

పాతగ్రంథాలు
యూదుల విషయం నేను అందుకుంటాను. ఇక్కడ మొదట గమనించవలసినది, యూదు మతానికి యేసు గురించి ఒక అభిప్రాయం కలిగి ఉండవలసిన అవసరమే లేదు. ముస్లింలకు ఆయన విశ్వాసంలో భాగమని మాస్టారుగారు అన్నారు. యూదుల ప్రార్థనలో గానీ, పండుగలలో గానీ, ధర్మశాస్త్రంలో గానీ ఆయనకు స్థానం లేదు. వారు ఆయన గురించి మాట్లాడింది చాలావరకు, చుట్టూ ఉన్న క్రైస్తవ సమాజం అడిగినందుకో, బలవంతపెట్టినందుకో.

యూదు పండితుల ధర్మచర్చల సంకలనమైన తాల్ముద్‌లో, సన్హెద్రిన్ అనే భాగంలో, యేషు అనే వ్యక్తిని మంత్రవిద్య చేసి ఇశ్రాయేలును దారి తప్పించినందుకు పస్కా పండుగ ముందురోజున వేలాడదీశారనే చిన్న ప్రస్తావన ఉంది. అది నజరేయుడైన యేసు గురించేనా, ఎంత తర్వాత రాసినది అన్న వాదాలు పండితుల మధ్య ఉన్నాయి. ఇలాంటి వాక్యాల కారణంగానే 1240లో పారిస్‌లో తాల్ముద్ మీద విచారణ జరిపి, రెండేళ్ల తర్వాత బండ్లకొద్దీ ప్రతులను తగలబెట్టారు. తర్వాతి కాలపు ముద్రణలలో ఆ వాక్యాలను తొలగించారు.

అసలు అభ్యంతరం ఏమిటో తెలియాలంటే 1263 నాటి బార్సిలోనా వాదం చదవాలి. స్పెయిన్‌లోని అరగోను రాజు మొదటి జేమ్స్ సమక్షంలో, క్రైస్తవంలోకి మారిన పాబ్లో క్రిస్టియానికి ఎదురుగా నహ్మానిదెస్ అనే రబ్బీ, అంటే యూదు మతగురువు, నిలబడ్డాడు. మెస్సీయ వస్తే కత్తులు నాగటి నక్కులవుతాయని, జనులు ఇక యుద్ధం నేర్చుకోరని యెషయా ప్రవక్త చెప్పాడు కదా, యేసు కాలం నుంచి నేటివరకు లోకమంతా హింసతోనే నిండి ఉంది కదా అన్నది ఆయన వాదన. అంతటితో ఆగక, ఇక యుద్ధం నేర్చుకోకూడదంటే రాజుకూ ఆయన యోధులకూ ఎంత కష్టమో కదా అని రాజు ముఖం మీదే అన్నాడు. యూదులకు మెస్సీయ అంటే చెదిరిన జనాన్ని సమకూర్చి, దేవాలయాన్ని మళ్లీ కట్టించి, లోకంలో శాంతి నెలకొల్పే మనిషి. ఆ పనులు జరగలేదు కాబట్టి ఆయన మెస్సీయ కాడు. ఇది ద్వేషంతో చెప్పిన మాట కాదు, వారి కొలమానం అదే.

సందేహాలరావు
రాజుగారి సభలో రాజుగారి వృత్తి మీదే ఛలోక్తి విసిరి ప్రాణాలతో బయటపడ్డాడంటే ఆ రబ్బీగారికి నా నమస్కారం.

పాతగ్రంథాలు
ప్రాణాలతో బయటపడ్డాడు కానీ స్పెయిన్‌లో నిలవలేకపోయాడు. 1267 నాటికి యెరూషలేము చేరుకున్నాడు.

ఇంకొక పేరు కూడా చెప్పాలి. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిదెస్ తన ధర్మశాస్త్ర గ్రంథంలో రాజుల గురించిన భాగంలో యేసు మీద కఠినంగానే రాశాడు. ఆయన వల్ల యూదులు కత్తికి ఎర అయ్యారని, చెదిరిపోయారని అన్నాడు. కానీ అదే చోట, ఆయనా, ఆయన తర్వాత వచ్చిన ముహమ్మదూ రాబోయే మెస్సీయకు దారి సిద్ధం చేశారని, వారి వల్లనే మెస్సీయ, ధర్మశాస్త్రం అన్న మాటలు సుదూర ద్వీపాలకు కూడా చేరాయని రాశాడు. నిరాకరిస్తూనే ఒక పాత్ర అప్పగించడం ఇది. ఈ భాగాన్ని కూడా సెన్సారు వారు చాలా ముద్రణలలో కత్తిరించారు.

హైఫా_నుంచి
నేను ఇశ్రాయేలులో వృద్ధుల సంరక్షణ పనిలో ఉన్నాను. మా గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి ఇక్కడికి ఈ పని మీద వచ్చిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. పాతగ్రంథాలుగారు చెప్పిన వాదాలు ఇక్కడి సామాన్యులకు తెలియవు, వారికి తెలిసినది చరిత్ర మాత్రమే. నేను చూసుకునే పెద్దావిడ తూర్పు ఐరోపాలో పుట్టింది. ఆమె చిన్నతనంలో ఈస్టరు వారం వచ్చిందంటే వాళ్ల ఇళ్లలో పిల్లలను వీధిలోకి పంపేవారు కాదట, ఎందుకంటే ఆ వారంలో "దేవుణ్ణి చంపినవాళ్లు" అంటూ రాళ్లు పడేవి. నా మెడలో సిలువ చూసినప్పుడు ఆమెకు గుర్తుకొచ్చేది యేసు బోధ కాదు, ఆ రాళ్లు. నేను ఇప్పుడు దాన్ని దుస్తుల లోపల ఉంచుకుంటున్నాను. ఆమె అడగలేదు, నాకే అలా ఉండాలనిపించింది.

ఇక్కడి కొన్ని పాఠశాలల్లో లెక్కలలో కూడిక గుర్తును సిలువలా కనబడకుండా కింది గీత తీసేసి రాస్తారు. మొదట చూసినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను.

దోర్నకల్_వాసి
హైఫా నుంచి వచ్చిన జవాబు చదివి సిగ్గుపడ్డాను. ఆ నేరారోపణను కాథలిక్ సంఘం అధికారికంగా వదులుకున్నది 1965లో, రెండవ వాటికన్ మహాసభ ప్రకటనలో. అప్పటి యూదులందరి మీద గానీ, నేటి యూదుల మీద గానీ ఆ మరణ దోషం మోపకూడదని అందులో చెప్పారు. పొంతి పిలాతు అనే రోమా అధికారి పేరు మా విశ్వాస ప్రమాణంలో ప్రతి ఆదివారం చదువుతూనే, అన్ని వందల ఏళ్లు నింద వేరొకరి మీద వేశాము.

పాతగ్రంథాలు
ఆధునిక కాలంలో మార్పు వచ్చింది. జర్మనీలో అబ్రహాం గైగర్ వంటి రబ్బీలు 19వ శతాబ్దంలోనే యేసును ఆనాటి యూదులలో ఒక వర్గమైన పరిసయ్యుల సంప్రదాయంలోని బోధకుడిగా చూడడం మొదలుపెట్టారు. యోసెఫ్ క్లౌజ్నర్ 1922లో హీబ్రూలో ఆయన జీవితం మీద పెద్ద గ్రంథం రాశాడు. ఆయన గొప్ప నీతిబోధకుడని, ఉపమానాలు చెప్పడంలో కళాకారుడని, అయితే యూదులకు ఆయన దేవుడూ కాడు, మెస్సీయా కాడు, ప్రవక్త కూడా కాడని తేల్చాడు. దానికి ఛాందస యూదులూ, మిషనరీలూ ఇద్దరూ ఆయన మీద విరుచుకుపడ్డారు. యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్ మాత్రం యేసును యౌవనం నుంచీ తన అన్నగానే భావించానని రాసుకున్నాడు. చిత్రకారుడు మార్క్ షగాల్ 1938లో గీసిన సిలువ చిత్రంలో యేసు నడుముకు యూదుల ప్రార్థనా వస్త్రం ఉంటుంది, చుట్టూ యూదుల ఇళ్లూ ప్రార్థనా మందిరమూ తగలబడుతుంటాయి. ఆ ఏడాది జర్మనీలో యూదుల మీద, వారి ప్రార్థనా మందిరాల మీద జరిగిన దాడుల సంగతి తెలిసినవారికి ఆ చిత్రం విడిగా వివరించనక్కరలేదు.

సందేహాలరావు
ఛాందస యూదులలో కొన్ని హసీదీ వర్గాలు క్రిస్మస్ ముందురాత్రి ధర్మశాస్త్ర పఠనం ఆపేసి చదరంగం ఆడుకుంటారని చదివాను. క్రిస్మస్‌ను అంత శ్రద్ధగా పాటించనివారు మరెవరూ ఉండరు.

బేలూరు_భక్తుడు
హిందువుల సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. శ్రీరామకృష్ణులు 1874 ప్రాంతంలో దక్షిణేశ్వరం పక్కనున్న యదునాథ్ మల్లిక్ తోటయింట్లో బాలయేసును ఒడిలో పెట్టుకున్న మేరీమాత చిత్రం చూసి భావావేశంలో మునిగారని, ఆ తర్వాత మూడు రోజుల పాటు కాళికాలయానికి కూడా వెళ్లలేదని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. ఆయన శిష్యులు 1886 డిసెంబరులో ఆంట్‌పూర్‌లో ధుని (నిప్పుల గుండం) చుట్టూ కూర్చొని సన్యాస సంకల్పం చేసుకున్న రాత్రి క్రిస్మస్ ముందురాత్రి అని తర్వాత గమనించారు. నేటికీ రామకృష్ణ మఠాలలో ఆ సాయంత్రం యేసు పటం అలంకరించి, ఆరతి ఇచ్చి, బైబిలు చదువుతారు. హైదరాబాదు మఠంలో నేనూ ప్రతి ఏడూ కూర్చుంటాను. వివేకానందస్వామి పరివ్రాజకుడిగా తిరిగిన రోజులలో గీతతో పాటు క్రీస్తు అనుకరణకు సంబంధించిన ఒక మధ్యయుగపు భక్తిగ్రంథాన్ని వెంట ఉంచుకునేవారు. "సంభవామి యుగే యుగే" అన్న మాట నమ్మేవారికి యేసును అవతారంగా ఒప్పుకోవడంలో చిక్కేమీ లేదు.

దోర్నకల్_వాసి
చిక్కు అక్కడే ఉంది, భక్తుడుగారు. యుగయుగానా వచ్చేవారిలో ఆయన ఒకరు అన్నప్పుడు మీరు తలుపు తెరుస్తున్నట్టే ఉంటుంది, కానీ ఒక్కసారే, అందరి కోసం అని మా విశ్వాసం చెప్పే మాట బయటే ఉండిపోతుంది.

బేలూరు_భక్తుడు
అవును, ఉండిపోతుంది. 1900 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో క్రీస్తు గురించి మాట్లాడుతూ స్వామీజీ ఆ మాట దాచలేదు. నజరేయుడైన యేసులో మాత్రమే కాక, ఆయనకు ముందు వచ్చిన మహనీయులలోనూ, తర్వాత వచ్చినవారిలోనూ, ఇక రాబోయేవారిలోనూ భగవంతుణ్ణి చూడాలన్నారు. మేము ఆయనను పూజిస్తాము, మిగిలినవారిని తోసివేయము.

ఆర్యసమాజం_మనవడు
భక్తుడుగారు చెప్పినదాన్ని హిందూ దృక్పథం అని మొత్తానికి అంటగట్టడం నాకు అభ్యంతరం. దయానంద సరస్వతి సత్యార్థప్రకాశంలోని 13వ సముల్లాసమంతా, అంటే అధ్యాయమంతా, బైబిలు మీద నిశితమైన ఖండనే. సృష్టినియమాలకు విరుద్ధమైన అద్భుతాలను ఆయన ఒప్పుకోలేదు, ఒకరిని నమ్మినంత మాత్రాన పాపం క్షమింపబడుతుందనడం న్యాయాన్ని చెరిపేయడమేనన్నాడు. మా తాతగారు నైజాములో ఆర్యసమాజం సభలకు వెళ్లినవారు. ఆయన దృష్టిలో యేసు అవతారమూ కాడు, గురువూ కాడు, ఒక దేశపు సంస్కర్త మాత్రమే.

అంతకు ముందు రామ్మోహన్ రాయ్ చేసినదీ పూజ కాదు. 1820లో ఆయన సువార్తల నుంచి యేసు నీతిబోధలను మాత్రమే ఏరి, అద్భుతాలను వదిలిపెట్టి పుస్తకంగా తెచ్చారు. శ్రీరాంపూర్ మిషనరీ జాషువా మార్ష్‌మన్ దాని మీద మండిపడితే, త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న సిద్ధాంతాన్ని, బైబిలు ఆధారంతోనే ఖండిస్తూ వరుసగా సమాధానాలు రాశారు. ఒక హిందువు బైబిలు పట్టుకుని మిషనరీకి దేవుడు ఒక్కడేనని పాఠం చెప్పడం అప్పట్లో పెద్ద సంచలనం.

పాలమూరు_మాస్టారు
రామ్మోహన్ రాయ్ పట్నాలో అరబీ, పారసీ చదువుకున్నారని చెబుతారు. ఆ సమాధానాలు చదివితే నాకైతే మా మదరసాలో కూర్చున్నట్టే అనిపిస్తుంది.

కృష్ణాతీరం
గాంధీగారి మాట ఎవరూ ఎత్తలేదేమి? "మీ క్రీస్తు నాకు ఇష్టం, మీ క్రైస్తవులు ఇష్టం లేదు" అన్నారు కదా.

పాతగ్రంథాలు
ఆ వాక్యానికి ఆయన రచనలలో ఆధారం దొరకదు. ఆత్మకథలో ఆయన అసలు రాసినది దానికంటే పదునుగా ఉంటుంది. దక్షిణాఫ్రికాలో క్రైస్తవ మిత్రులు ఎంత ప్రయత్నించినా, యేసు ఒక్కడే దేవుని కుమారుడని ఒప్పుకోలేకపోయానని, దేవునికి కుమారులుండడమే నిజమైతే మనమందరమూ ఆయన కుమారులమేనని రాశారు. ఆయన త్యాగమూర్తి అని, దివ్యబోధకుడని, సిలువపై మరణం లోకానికి గొప్ప ఆదర్శమని ఒప్పుకున్నారు, కానీ ఆ మరణంలో మర్మమైన శక్తి ఏదో ఉన్నదన్న మాటను తన హృదయం అంగీకరించలేదన్నారు. 1931 డిసెంబరులో రోమ్ వెళ్లినప్పుడు సిస్టీన్ ప్రార్థనాలయంలో సిలువ ముందు నిలబడి కంటతడి పెట్టుకున్నవారూ ఈయనే.

ఇక్కడ ఒక వింత గమనించండి. ముస్లింలు కన్యాజననాన్ని ఒప్పుకుని సిలువను కాదంటారు. గాంధీగారు సిలువను గుండెకు హత్తుకుని, దాని చుట్టూ ఉన్న సిద్ధాంతాన్ని వదిలేస్తారు. యూదు చరిత్రకారులు సిలువ మరణాన్ని రోమన్లు చేసిన చరిత్ర ఘటనగా ఒప్పుకుంటారు, జననంలో గానీ పునరుత్థానంలో గానీ అద్భుతం ఉన్నదంటే ఒప్పుకోరు. ముగ్గురూ ఒప్పుకునే ఘట్టం ఏదని చూస్తే, గలిలయలో ఒక యూదు బోధకుడు ఉండేవాడన్నంత వరకే తేలుతుంది.

వెలివాడ_కథకుడు
ఇంతసేపూ హిందూ దృక్పథమంటూ చెప్పిన పేర్లన్నీ చదువుకున్న పైకులాల పెద్దమనుషులవే. వారికి యేసు ఒక తాత్విక ప్రశ్న. మా ముత్తాతల వంటి మాలమాదిగలకు ఆయన ప్రశ్న కాదు, బడి, మందు, కూర్చోవడానికి ఒక బల్ల. 1878 జులై 3న ఒంగోలు మిషను వారు ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చినప్పుడు ఆ నీళ్లలో దిగినవారు త్రిత్వం మీద తర్కించి దిగలేదు. అంతకు ముందు వారిని హిందువులని లెక్కగట్టినవారు, గుళ్లోకి మాత్రం రానివ్వలేదు. అందుచేత హిందువులు యేసును ఎలా చూస్తారన్న ప్రశ్నకు ముందు, ఏ హిందువులు అని అడగాలి.

ఆర్యసమాజం_మనవడు
కరవు కాలంలో మిషనుల చేతిలో సహాయక పనులు కూడా ఉన్నాయన్న సంగతి వదిలేస్తే చరిత్ర సగమే చెప్పినట్టు.

వెలివాడ_కథకుడు
వదిలేయలేదు. కరవులో అన్నం పెట్టినవాడి దేవుడి గురించి వినడం తప్పయితే, కరవు లేని ఏళ్లలో కూడా అన్నం పెట్టనివారి గురించి మీరేమంటారు? పైగా కరవు సహాయం కోసం వచ్చారనిపించుకోకూడదని, ఆ పనులు ముగిసేదాకా మిషను వారు బాప్తిస్మాలు ఆపి ఉంచారని వారి రాతలే చెబుతున్నాయి.

నిర్వాహకుడు
మతమార్పిడుల మీద వేరే చర్చ ఉంది. ఇద్దరూ అక్కడ కొనసాగించండి, ఇక్కడ యేసు గురించే మాట్లాడుకుందాం.

బెజవాడ_బుల్లెమ్మ
బాప్తిస్మం లేకుండానే యేసును నమ్మిన తెలుగు హిందువు కూడా ఒకరున్నారు. కలగర సుబ్బారావు అనే ఉపాధ్యాయుడు, మొదట దేవుడే లేడనుకునే మనిషి, 1940లలో తనకు క్రీస్తు దర్శనమైందన్నారు. ఆయన చర్చిలో చేరలేదు సరికదా, పాదరీలనూ బాప్తిస్మాన్నీ ఎగతాళి చేస్తూ పాటలు రాశారు. యేసు చూపినది తనను తాను మరచిపోయే మార్గమని, దాన్ని సంఘాలు మతంగా మార్చి పాడుచేశాయని ఆయన వాదం. స్వస్థత కోసం ఆయన దగ్గరికి అన్ని కులాలవారూ వెళ్లేవారు. గుణదల కొండకు ఫిబ్రవరిలో వెళ్లే జనంలోనూ హిందువులు కొల్లలు. మొక్కు తీరితే తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయ కొడతారు. వాళ్లకు అవతారమా, ప్రవక్తా అన్న మీమాంస లేదు, తల్లి దయగలది, కొడుకు మాట వింటాడు, అంతే.

చేబ్రోలు_చిన్నోడు
గుంటూరు జిల్లాలో మా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులున్నారన్న సంగతి ఇక్కడ ఎంతమందికి తెలుసు? బెనె ఎఫ్రాయిము అని చెప్పుకుంటారు. మాదిగ కుటుంబాలవారు, ఒకప్పుడు బాప్టిస్టు సంఘంలో ఉన్నవారు, తాము ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రాలలో ఒకదానికి చెందినవారమని చెప్పి 1991లో సొంత ప్రార్థనా మందిరం పెట్టుకున్నారు. శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. బాల్యంలో ఆదివారం బడిలో యేసు పాటలు పాడిన నోటితోనే ఇప్పుడు మెస్సీయ ఇంకా రావలసి ఉందంటారు. మా ఊరి చర్చిలో కొందరికి వాళ్ల మీద కోపం, కానీ పెళ్లిళ్లకు పిలుపులు ఆగలేదు.

పాతగ్రంథాలు
చిన్నోడుగారూ, ఈ చర్చలో ఇంతకంటే విలువైన ఉదాహరణ లేదు. ఐరోపా యూదులకు యేసు బయటి నుంచి బలవంతంగా వచ్చాడు. వీరు లోపల ఉండి, తెలిసి, బయటికి నడిచారు.

సందేహాలరావు
మూడు మతాలవారికీ యేసు గురించి ఒక్కో కట్టుకథ కూడా ఉందని నా అనుమానం. మా కాలనీ వాట్సాప్ బృందంలో నెలకొకసారి యేసు కాశ్మీరులో చదువుకున్నాడని ఒకరు, భవిష్యపురాణంలో మన శాలివాహనుడు ఆయనను కలిశాడని మరొకరు పంపుతుంటారు.

పాతగ్రంథాలు
అనుమానం కాదు, నిజం. యూదులలో మధ్యయుగంలో యేసును వెక్కిరిస్తూ ఒక కథ చెలామణి అయింది. అందులో ఆయన దేవుని రహస్యనామం దొంగిలించి అద్భుతాలు చేస్తాడు. హింసపడే జనం చాటుగా నవ్వుకోవడానికి చెప్పుకున్న కథ అది. కాశ్మీరు, టిబెట్టు కథ 1894లో నికొలాస్ నొతోవిచ్ అనే రష్యా యాత్రికుడు అచ్చువేసినది. లదాఖ్‌లోని హేమిస్ మఠంలో తనకు యేసు జీవితం రాసిన ప్రతి చూపించారన్నాడు. మరుసటి ఏడాదే ఆగ్రా కళాశాల ఆచార్యుడు డగ్లస్ అక్కడికి వెళ్లి అడిగితే, అటువంటి గ్రంథమే లేదని మఠాధిపతి చెప్పాడు. ఇక భవిష్యపురాణంలో శాలివాహనుడు మంచుకొండ మీద తెల్లని వస్త్రాలు ధరించిన "ఈశపుత్రుణ్ణి" కలిసినట్టున్నది ప్రతిసర్గ పర్వంలో. అదే పర్వంలో బ్రిటిషు పాలన ప్రస్తావన కూడా ఉందంటే ఎప్పుడు చేర్చారో మీరే ఊహించుకోవచ్చు.

పాలమూరు_మాస్టారు
మా వైపు కథ నేనే చెబుతాను, మరొకరు చెప్పేకంటే అదే మేలు. బర్నబా సువార్త అని ఒకటి పట్టుకుని, ఇదే అసలైన ఇంజీలు (ఈసాకు ఇచ్చిన గ్రంథం) అని కరపత్రాలు పంచేవారు మా దగ్గర ఇప్పటికీ ఉన్నారు. దాని పాత ప్రతి ఇటలీ భాషలో ఉంది, మధ్యయుగం చివరి కాలపు రచన అని పండితులు తేల్చారు. ఖురాన్ చదివినవాడికి ఇంకొక చిక్కు వెంటనే కనబడాలి. ఆ పుస్తకంలో యేసు తాను మెస్సీయను కానని, రాబోయే ముహమ్మదే మెస్సీయ అని అంటాడు. ఖురాన్ మసీహ్ అన్నది ఈసాను. మా గ్రంథాన్నే కాదనే పుస్తకాన్ని మేమే పంచడమేమిటో నాకు అర్థం కాదు.

శ్రీనగర్_యాత్రికుడు
శ్రీనగర్‌లో ఖాన్యార్ వీధిలో రోజాబల్ అనే చిన్న సమాధి మందిరం నేను చూశాను. అది యేసు సమాధి అని అహ్మదీయుల నమ్మకం. వారి వ్యవస్థాపకుడు మీర్జా గులాం అహ్మద్ చెప్పిన ప్రకారం యేసు సిలువ మీద చనిపోకుండా బతికి బయటపడి, కాశ్మీరు వచ్చి, ముదిమి వయసులో సహజంగా మరణించాడు. అక్కడి స్థానిక సున్నీ ముస్లింలు మాత్రం అది యూజ్ ఆసఫ్ అనే మహనీయునిదని చెప్పి, యేసు పేరెత్తితే చిరాకుపడతారు.

పాలమూరు_మాస్టారు
చిరాకుకు కారణముంది. ఈసా సజీవంగా ఎత్తుకోబడ్డారని, తిరిగి వస్తారని ముస్లింలలో అత్యధికుల విశ్వాసం. సమాధి ఉందంటే ఆ రాకకు చోటే ఉండదు. ఆయన దమాస్కసు తూర్పు దిక్కున తెల్లని మీనారు దగ్గర దిగుతారని సహీహ్ ముస్లిం అనే సంకలనంలోని హదీసులో, అంటే ప్రవక్త మాటగా చెప్పుకునే ఉల్లేఖనంలో, ఉంది. అక్కడి ఉమయ్యద్ మసీదు మీనార్లలో ఒకదానికి ఈసా పేరే ఉంది.

సందేహాలరావు
అంటే క్రైస్తవులూ ముస్లింలూ ఇద్దరూ ఒకే వ్యక్తి తిరిగి రావాలని చూస్తున్నారా? అలాగైతే ఆ సభలోని వక్త మరీ తప్పు చెప్పలేదేమో.

దోర్నకల్_వాసి
చూస్తున్నది ఒకే పేరు గల వ్యక్తి కోసం, కానీ వచ్చి ఏమి చేస్తాడన్న దగ్గర మళ్లీ విడిపోతాము. సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి ఆయన వస్తాడని మా విశ్వాస ప్రమాణం. మా దృష్టిలో న్యాయపీఠం మీద కూర్చునేది ఆయనే. మాస్టారుగారి హదీసులో ఆయన వచ్చి సిలువను విరగగొడతాడని ఉంటుంది.

పాలమూరు_మాస్టారు
ఉంది, దాచవలసిన పని లేదు. ఆయన న్యాయంగా పాలించి, సిలువను విరిచి, ఆ తర్వాత అందరిలాగే మరణిస్తారని, మదీనాలో ప్రవక్త పక్కన ఖననం చేస్తారని మా సంప్రదాయం. తీర్పు మాత్రం అల్లాహ్ ఒక్కడిది. ప్రళయదినాన ఈసా గ్రంథప్రజల (యూదులు, క్రైస్తవుల) విషయంలో సాక్షిగా ఉంటారని నాలుగవ సూరా 159వ వాక్యం చెబుతుంది. మీకు ఆయన న్యాయమూర్తి, మాకు సాక్షి. ఆ రెండూ ఒక్కటేనని సభలో చప్పట్లు కొట్టినవారిలో నేనైతే ఉండను.

దోర్నకల్_వాసి
నేనూ ఉండను. శుక్రవారం నమాజు అయ్యాక ఫోన్ చేయండి, మీరు చెప్పిన ఆ అబిసీనియా రాజు కథ మిగతాది వినాలని ఉంది.

కృష్ణాతీరం
ఏ కథ అది? ఇక్కడ ఎక్కడా రాలేదే.

పాలమూరు_మాస్టారు
వాసిగారికి విడిగా చెప్పాను. మక్కాలో హింస భరించలేక తొలి ముస్లింలు కొందరు అబిసీనియాకు (నేటి ఇథియోపియా ప్రాంతం) పారిపోయినప్పుడు, వారిని అప్పగించమని మక్కా పెద్దలు అక్కడి క్రైస్తవ రాజు నజాషీ దగ్గరికి దూతలను పంపారు. రాజు అడిగితే ఆ ముస్లింలలో ఒకరైన జాఫర్ ఇబ్న్ అబీ తాలిబ్ మర్యమ్ సూరా చదివి వినిపించారు. రాజు, ఆయన దగ్గరున్న మతపెద్దలు కన్నీరు పెట్టుకున్నారని మా చరిత్ర గ్రంథాలు చెబుతాయి. మరునాడు దూతలు మెలికపెట్టారు, వీళ్లు యేసును దాసుడంటున్నారు, అడిగి చూడండి అన్నారు. జాఫర్ మాట మార్చలేదు, ఆయన అల్లాహ్ దాసుడు, ప్రవక్త, మర్యమ్‌కు పంపిన వాక్కు అనే చెప్పారు. రాజు నేల మీది పుల్ల ఒకటి తీసి, మీరు చెప్పినదానికీ యేసుకూ ఈ పుల్లంత తేడా కూడా లేదన్నాడట. పక్కనున్న మతపెద్దలు గొణిగారని కూడా అదే కథలో ఉంది.

సందేహాలరావు
ఆ గొణిగినవారి వాదన ఏమిటో కూడా ఎవరైనా రాసి ఉంటే బాగుండేది.